రేపటిదాకా

తెలంగాణ ఏర్పడిన ఏడాది. మహారాష్ట్రలోని చంద్రపూర్ లాల్‌పేట్‌లోని ఇంట్లో ఒంటరిగా ఉన్న నర్సక్కకు చీకటి పడ్డాక మస్కట్ ఎయిర్‌పోర్టు నుంచి భర్త రాయమల్లు ఫోన్ చేశాడు.

"విమానం ఎక్కుతున్న. హైదరాబాద్‌కు మూడు గంటలు. ఆడికెళ్లి రైల్ల వచ్చి బల్లార్షాల దిగుత. రేపు పొద్దుగూకేసరికి ఇంట్లుంట."

ఫోన్ పెట్టేయగానే పెరట్లో బకెట్ చప్పుడైంది.

"నర్సూ, నీళ్లు పొయ్యవే. బొగ్గు పోతలేదు."

అదే గొంతు. గనిలో పనిచేసిన రోజుల్లో షిఫ్టు దిగి వచ్చాక, ఆమె నీళ్లు పోసేదాకా అతను గడప తొక్కేవాడు కాదు. ఆ పని వదిలేసి మస్కట్ వెళ్లి ఆరేళ్లయింది.

నర్సక్క పెరటి తలుపు దగ్గరికి వెళ్లింది. తలుపు అవతల రాయమల్లు దగ్గాడు, పాత బొగ్గు దగ్గు.

ఆరేళ్లు ఆగిన మనిషి రేపటిదాకా ఆగలేకపోయింది.

"సల్లనీళ్లే ఉన్నయయ్యా" అంటూ గడియ తీసింది.