పిండిమర మీద ఫిర్యాదు

కొత్త భవనంలో కింద కొట్లు, పైన ఇళ్లు. పిండిమర ఆయన కాపురం సరిగ్గా తన కొట్టు మీదే.

ఆ ఉదయం భవన సంఘం కార్యదర్శి వచ్చి ఒక కాగితం చేతిలో పెట్టాడు. "మర మోతకి పైన గోడలు అదురుతున్నాయట. నెలాఖరుకల్లా తీసెయ్యాలండీ."

"ఎవరండీ ఆ పుణ్యాత్ములు? పేరు చెప్పండి, ఇప్పుడే తేల్చుకుంటాను!"

"పేరు రాయలేదండీ."

ఆయన మర ఆపి కాగితం విప్పాడు. రెండో వరసకే రాత ఎవరిదో తెలిసిపోయింది. ముప్పై ఏళ్లుగా పిండి డబ్బాల మీద జనం పేర్లు రాస్తున్న చేతిరాత అది.

గబగబా మెట్లెక్కాడు. భార్య బట్టలు మడతపెడుతోంది.

"సొంత కొంపకే నిప్పు పెట్టావు కదే!"

"పెట్టాను. పిండి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోతోంది, మానెయ్యమని డాక్టరు రెండేళ్లుగా మొత్తుకుంటున్నాడు. నేనూ మొత్తుకున్నాను. ఇంట్లో వాళ్ల మాట మీ చెవికెక్కదు. పదిమంది మాటకైనా లొంగుతారని రాశాను."

ఆయన గట్టిగా ఏదో అనబోయాడు. మాటకంటే ముందు దగ్గు వచ్చింది. ఎంతకీ ఆగలేదు.

ఆమె లేచి వచ్చి వీపు నిమిరింది.

"మర ఆగినప్పుడల్లా నాకు పైకి వినబడేది ఇదే," అంది.