వలయం లేని పళ్లెం

చీకటి పడి అందరూ వెళ్లిపోయాక ల్యాబ్‌లో ఆమె ఒక్కతే మిగిలింది. మందుల ఫ్యాక్టరీ మురుగునీరు పారే మట్టిలోని బ్యాక్టీరియాను ఎనిమిది నెలలుగా గాజు పళ్లాల్లో పెంచి చూస్తోంది. మధ్యలో పెట్టిన యాంటీబయాటిక్ మందుబిళ్ల చుట్టూ అవి చచ్చి, ఖాళీగా ఒక వలయం ఏర్పడాలి. ఏర్పడలేదు. బిళ్ల అంచుదాకా దర్జాగా పాకాయి. మురుగులోని మందుకు అవి అలవాటుపడి ఉంటాయని తను అనుకున్నదే నిజమైనందుకు ఆమెకు కడుపు నిండినట్టయింది. కూనిరాగం తీస్తూ ఆఖరి పళ్లెం అందుకుంది. పోల్చి చూడటానికి తన పెరట్లోంచి తెచ్చిన మంచి మట్టి అది. ఫ్యాక్టరీకి మైళ్ల దూరం.

అందులోనూ వలయం లేదు.

కూనిరాగం ఆగిపోయింది. పళ్లెం మీది చీటీ రెండుసార్లు చదివింది. పొరపాటేమీ లేదు.

ఇంతలో భర్త ఫోన్ చేశాడు.

"నీ కూతురు గట్టిపిండమే! పెరట్లో పడి మోకాలు చెక్కుకుపోయినా ఏడవలేదు తెలుసా?"

"కడిగారా?"

"కడిగి మందు కూడా రాశా. నా పక్కనే హాయిగా నిద్రపోతోంది."

"ఏ మందు?"

అతను ట్యూబు మీది పేరు కూడబలుక్కుని చదివాడు. ఆమె చేతిలోని పళ్లెంలో ఉన్నదీ ఆ మందే.

ఆమె పళ్లేన్ని దీపం కిందికి జరిపి, బిళ్ల అంచు మళ్లీ చూసింది.

ఫోన్లో పాప గురక సన్నగా, హాయిగా వినిపిస్తూనే ఉంది.