రెండో హారన్

అయస్కాంతానికి తాడు కట్టి, కొత్త తారురోడ్డు మీద ఈడ్చుకుంటూ పోతున్న ముసలాయనని చూసి సూపర్‌వైజర్‌కి ఒళ్లు మండింది.

"ఏం పెద్దాయనా, ఇనుము ఏరుకోవడానికి నా రోడ్డే దొరికిందా?"

"ఏరుకోవడానికి కాదు బాబూ. సరిగ్గా కలిసిందో లేదో చూస్తున్నా."

ఇనుము ఉన్నమాట నిజమే. కొండమలుపు కదా, పగుళ్లు రాకూడదని తారులో సన్నటి ఇనుప పీచు కలిపించారు. మిక్సర్ తిరుగుతుంటే దాన్ని గుప్పెడు గుప్పెడు చల్లాలి. చల్లితే చేతులకి గుచ్చుకుంటుంది, పని సాగదు. సోమవారానికల్లా రోడ్డు తెరవాలాయె.

"బస్తాలకి బస్తాలు గుమ్మరించేయండర్రా, లోపల అదే కలుస్తుంది" అన్నది సూపర్‌వైజరే.

మర్నాడు ముసలాయన మళ్లీ వచ్చాడు. మలుపులో లోయ వైపు సుద్దతో పెద్ద సున్నా చుట్టాడు.

"ఇటు అయస్కాంతం ఊడి రావట్లేదు. అటు అసలు అంటుకోవట్లేదు. పీచు ఉండ కట్టింది బాబూ. వానొస్తే ఇక్కడే నీళ్లు దిగి పైపొర లేచిపోతుంది. సోమవారం తెరవకండి."

"మీరేమైనా ఇంజనీరా?"

"కాదు."

"సార్, ఆయన..." అంటూ రోలర్ డ్రైవర్ ఏదో చెప్పబోయాడు.

"నువ్వు నీ రోలర్ చూసుకోవయ్యా!" అని కసిరి, సూపర్‌వైజర్ ఇటు తిరిగాడు. "మొదట వెళ్లేది బడిపిల్లల బస్సు. అందులో మా అమ్మాయి కూడా ఉంటుంది. కన్నతండ్రిని, నాకు లేని భయం మీకెందుకండీ?"

ముసలాయన చేతిలోంచి సుద్దముక్క జారిపోయింది.

సూపర్‌వైజర్ అయస్కాంతం లాక్కుని పనిముట్ల పెట్టెలో పడేశాడు. తడిగోనెతో సున్నా తుడిపించాడు. పీడ విరగడైందనుకున్నాడు.

ఆదివారమంతా వాన.

సోమవారం పొద్దున్న కొండ కింద బస్సు ఆగింది. కిటికీలోంచి కూతురు తల బయటపెట్టింది.

"నాన్నా! మలుపు ముందో హారన్, దాటాక ఇంకోటి కొట్టమని డ్రైవరంకుల్‌కి చెప్పా. రెండోది నీకోసం!"

"తల లోపల పెట్టు తల్లీ!" అంటూనే మురిసిపోయాడు.

బస్సు పైకెళ్లిపోయింది. అంతలో అడ్డదారిన రోలర్ డ్రైవర్ రొప్పుతూ దిగాడు. చేతిలో తారుపెళ్ల, దానికి నీళ్లోడుతున్న పీచు ఉండ.

"సున్నా చుట్టిన చోటే సార్. చేత్తో లాగితే వచ్చేసింది. బస్సేదీ?"

సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. బస్సు డ్రైవర్ ఎత్తలేదు.

పైన హారన్ మోగింది.

సూపర్‌వైజర్ అడ్డదారిన పడి పరుగెత్తాడు. కాళ్లు బురదలో జారుతున్నాయి, చెవులు మాత్రం పైనే ఉన్నాయి. ఎంతకీ రెండోది మోగలేదు.

"ఎవరయ్యా... ఆ పెద్దాయన?" పరుగు ఆపకుండానే అడిగాడు.

వెనక వస్తున్న రోలర్ డ్రైవర్ ఆగిపోయాడు.

"పక్క కొండ రోడ్డు వేయించిన సూపర్‌వైజర్ సార్. ఆయనా పీచు ఇలాగే బస్తాలతో గుమ్మరించాడు. మొదటి బస్సులో వాళ్లమ్మాయి వెళ్లింది."