దొరని చంపని డాక్టరమ్మ

"వీడికి ముందు పాచి తీయించాలి," అంది డాక్టరమ్మ, తెర మీద నోరు తెరిచిన రక్తపిశాచి కోరల్ని చూస్తూ.

పైవాటాలో కొత్తగా అద్దెకు దిగిన అమ్మాయికి నవ్వాగలేదు. పళ్ల డాక్టరు రక్తపిశాచుల ఆట ఆడటం ఆమె ఎక్కడా చూడలేదు. అదీ తలంతా నెరిసిన వయసులో.

ముందుగది క్లినిక్. వెనక గదిలో పాత కంప్యూటరు. మధ్యాహ్నం రోగులెవరూ లేని వేళ డాక్టరమ్మ అక్కడ చేరుతుంది. ఆటలో మెట్లెక్కబోతే చాలు, అంతా బిగుసుకుపోతోందట. అందుకే అమ్మాయిని కేకేసింది.

అమ్మాయి ఉద్యోగమే సాఫ్ట్‌వేర్లలో తప్పులు పట్టడం. ఈ ఆటలో ఆమెకు చేతినిండా పని దొరికింది. మనుషులు గోడల్లోంచి నడిచిపోతున్నారు. కుర్చీలు గాల్లో తేలుతున్నాయి. మురుగు కాలవల్లో తిరిగి తిరిగి ప్రాణం విసిగిపోతోంది. చివరి భాగమైతే, చేసినవాళ్లే ఇక మావల్ల కాదని వదిలేసి ఇంటికి పోయినట్టుంది. అయినా ఎక్కడెక్కడి అభిమానులో, సొంత బిడ్డకి జబ్బు చేసినట్టు, దాన్ని ఏళ్ల తరబడి బాగుచేస్తూనే ఉన్నారు. వాళ్లలో ఒకరు చేసిపెట్టిన మరమ్మతు తెచ్చి ఆమె మెట్లు సరిచేసింది.

డాక్టరమ్మ ఆటలో గబగబా మెట్లెక్కింది. పైన ఓ పాడుబడ్డ నాటకశాల. అందులో ఆ ఊరి పిశాచాలన్నిటికీ పెద్ద, దొర.

"వచ్చావా?" అన్నాడు దొర ఖంగుమనే గొంతుతో. "ఈ ఊళ్లో నన్ను చూసి భయపడనిదానివి..." చిన్న దగ్గు. "నువ్వొక్కదానివే."

డాక్టరమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింది. తర్వాత గుమ్మం దాటి, మళ్లీ లోపలికొచ్చింది. "వచ్చావా?" అన్నాడు దొర.

"ఆంటీ, కథ ముందుకి సాగాలంటే ఆయన్ని చంపెయ్యాలి."

"అయ్యో! చేతులెలా వస్తాయే?"

మూల బల్ల దగ్గర కట్టుడుపళ్లకి మెరుగు పెడుతున్న డాక్టరమ్మ భర్త భుజాలు కదిలేలా నవ్వాడు. అంత ఉక్కపోతలోనూ ఆయన మెడకి మఫ్లరు. పిశాచాల భయం కాబోలు అనుకుంది అమ్మాయి.

రోజూ ఇదే వరస. పోనుపోను ఆమెకి ఆట కంటే ఆ సంసారమే తప్పులతడకగా కనిపించింది. భార్యేమో బొమ్మ దొర మాటలకి మురిసిపోతుంది. భర్తేమో టీ కప్పు పక్కన పెట్టి, పలకరింపైనా లేకుండా తన పళ్ల దగ్గరికి వెళ్లిపోతాడు. ఆవిడ ఏదైనా అడిగితే తలూపుతాడు, లేదంటే చెయ్యూపుతాడు. ఒకే ఇంట్లో ఉండి ఇంత మౌనమా? పెద్దాయన గట్టిగానే అలిగాడు.

ఎలాగైనా ఈ ఆట ముగిసిపోతే ఆవిడ మొగుడి వైపు చూస్తుంది. అమ్మాయి నిశ్చయించుకుంది.

ఆ ఆదివారం ఇద్దరూ చెకప్‌కని ఆసుపత్రికి వెళుతూ తాళం ఆమెకిచ్చారు. అదే ఆటని ఈమధ్య ఎవరో కొత్త హంగులతో మళ్లీ చేశారు. అమ్మాయి పాతదాన్ని కంప్యూటర్లోంచి తుడిచేసి, కొత్తది పెట్టింది. గోడలు గోడల్లా ఉన్నాయి. కుర్చీలు నేల మీదున్నాయి.

తిరిగొచ్చిన డాక్టరమ్మ ముచ్చటపడుతూ కూర్చుంది. మెట్లెక్కింది. దొర నోరు తెరిచాడు. మీసం రాని కుర్రాడి గొంతు.

"వీడెవడు?"

"తెలుగు మాటలకి కొత్త గొంతులు పెట్టారు ఆంటీ. పాతదాంట్లో ఆయన మధ్యలో దగ్గేవాడు కదా, అదీ తీసేశారు."

"నాకు ఆ దగ్గు కావాలి." డాక్టరమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "పాతదేదీ?"

"తుడిచేశాను."

భర్త చేతిలోని టీ కప్పు బల్ల మీద పెట్టేశాడు. బీరువా అడుగునుంచి ఆట డిస్కు తీసుకొచ్చాడు. దానినిండా గీతలే. కంప్యూటరు దాన్ని సగం దాకా మింగి కక్కేసింది. తుడిచి పెట్టినా అంతే. అమ్మాయికి చెమటలు పట్టాయి. ఈ డిస్కు ఇప్పుడు ఎక్కడా దొరకదని ఆమెకి తెలుసు.

భర్త డిస్కు అందుకున్నాడు. బల్ల మీద మెరుగు పొడి వేసుకుని, మెత్తటి గుడ్డతో, పసిబిడ్డ పంటిని తాకినంత సున్నితంగా రుద్దడం మొదలుపెట్టాడు. ఎంతసేపో అలాగే.

ఈసారి డిస్కు ఆగకుండా తిరిగింది. అమ్మాయి మెట్ల మరమ్మతు కూడా మళ్లీ పెట్టింది.

ప్రాణం కుదుటపడ్డాక అమ్మాయికి ఉక్రోషం వచ్చింది. "ఏమీ అనుకోకండి ఆంటీ. ఓ బొమ్మ పిశాచి కోసం అంతలా బెంగపడ్డారు. పక్కన బంగారంలాంటి మనిషి ఉన్నారు, ఆయన గోడు పట్టదా మీకు? మీరూ అంతే అంకుల్! మరీ అంత మంచితనమైతే ఎలా? నేనొచ్చినప్పట్నుంచీ ఆంటీతో మీరొక్క మాట మాట్లాడగా వినలేదు. ఎంత అలకైనా ఒక్క మాట మాట్లాడొచ్చు కదా!"

భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు ఆయన భుజాలు కదిలాయి. తర్వాత ఆవిడ పకపకా నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ మెట్లెక్కింది.

"వచ్చావా?" అన్నాడు దొర. "ఈ ఊళ్లో నన్ను చూసి భయపడనిదానివి..." దగ్గు. "నువ్వొక్కదానివే."

"మాట్లాడారుగా," అంది డాక్టరమ్మ, "ఆపరేషన్లో మాట పోకముందు ఈ దొరకి గొంతిచ్చింది మీ అంకులే."