మంత్రిగారి బొమ్మ

“ఇంకెన్నాళ్లు మేడమ్ ఈ వేధింపు?” అంటూ ఆర్థికమంత్రిగారి పీఆర్వో ఆనాటి పేపరు తెచ్చి కార్టూనిస్టు బల్ల మీద పరిచాడు.

అందులో మంత్రి ఓ ముసలమ్మ కళ్లజోడు లాక్కుని, అదే పెట్టుకుని బడ్జెట్ చదువుతున్నాడు. ఆయన మంత్రి అయిన దగ్గర్నుంచి వారానికోసారి, కళ్లజోళ్ల మీద పన్ను వేసిన నాటి నుంచి రోజూ ఇదే వరస. కింద ‘చీమ’ అని సంతకం. ఆ చీమ అరవై దాటిన ఆడమనిషని ఈ పత్రికాఫీసు మెట్లెక్కేదాకా పీఆర్వోకి తెలియదు.

“కళ్లజోడు షోకు కాదు బాబూ. అది లేకపోతే సూదిలో దారం ఎక్కదు, బస్సు నంబరు కనపడదు. పన్ను తీసేయమనండి, నేనూ మానేస్తాను,” అందావిడ బ్రష్ కడుగుతూ.

“విమర్శించండి, కాదనను. చెవులు మరీ చేటలంత గీయాలా?”

“చెవులు పెద్దవే. వినడమే రాదు.”

పీఆర్వోకి నవ్వొచ్చింది కానీ మింగేశాడు. “టీవీల వాళ్లు పొద్దస్తమానం దుమ్మెత్తి పోస్తున్నారు. ఆయన పేరు నిలబెడదామని వారపత్రికలో నాలుగు పేజీల వ్యాసం వేయించాను. మీ ఒక్క బొమ్మతో అంతా తుడిచిపెట్టుకుపోయింది!”

“చదివాను. ఫొటో బాగా పడింది.” ఆవిడ గోడకు గుచ్చిన ఫొటోల వైపు చూసింది. అన్నీ మంత్రివే. “జుట్టు బాగా పల్చబడింది. నిద్ర ఉండట్లేదా?”

“మీరు పోనిస్తేగా! పొద్దున్నే పేపర్ల కట్ట పట్టుకెళితే ముందు మీ బొమ్మే తీస్తారు. చాలాసేపు దాన్నే చూస్తారు. కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి మేడమ్.”

ఆవిడ చేతిలో బ్రష్ ఆగిపోయింది.

“నొచ్చుకుంటున్నాడా?” అంది మెల్లగా. వెంటనే సర్దుకుని, “నొచ్చుకుంటున్నారా?” అంది.

“ఆయనా మనిషే కదండీ!”

బల్ల మీద మర్నాటి బొమ్మ సగంలో ఉంది. ముక్కు, చెవులు అయ్యాయి. కళ్లు గీయాలి. ఆవిడ కాసేపు దాన్ని చూసి, మడిచి, సొరుగులో పెట్టేసింది.

“సరే. రేపట్నుంచి గీయను. ఆయనకి చెప్పండి...” అని ఆగింది. “వద్దులెండి. ఏమీ చెప్పక్కర్లేదు.”

మర్నాడు పీఆర్వో పెళ్లికొడుకులా నవ్వుకుంటూ పేపర్లు అందించాడు. మంత్రి నేరుగా మూడో పేజీ తీశాడు. కార్టూన్ ఉండాల్సిన చోట సబ్బు ప్రకటన ఉంది. పేపరంతా వెనకా ముందూ తిరగేశాడు.

“బొమ్మేదయ్యా?”

“ఇక రాదు సార్. నేనే వెళ్లి మాట్లాడాను. మీరెంత బాధపడుతున్నారో చెప్పేసరికి ఆవిడ కరిగిపోయింది. జన్మలో ఇంక మిమ్మల్ని గీయదు!”

మంత్రి ముఖం పాలిపోయింది.

“ఆరోగ్యంగా ఉందా?”

“ఎవరు సార్?”

“నిన్న నువ్వు చూసొచ్చిన మనిషి.”

“ఉన్నారు సార్. కాస్త చిక్కినట్టున్నారు. అయినా మీకెందుకు సార్ ఆవిడ సంగతి?”

మంత్రి పేపరు మడవబోయి, మడవలేక అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

“మాకు తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. మా అక్క నా మొహం చూసేది ఆ బొమ్మ గీసేటప్పుడేనయ్యా!”