నీళ్ళ గురించి అడగనివాడు

జారెడ్ మోకాయకి అద్దె ఇల్లు అక్కర్లేదు. ఉన్న ఇల్లు సొంతం. అయినా నైరోబీలో ఏ మూల "ఇల్లు అద్దెకు" అని ప్రకటన పడినా, పడిన నిమిషంలో అతని ఫోను మోగేది.

ఆ కబురు తెచ్చేది ఒక బాట్. వీడియోలు చూసి నేర్చుకుని తనే తయారు చేసుకున్నాడు. అది పగలూ రాత్రీ అద్దె ప్రకటనల సైట్లన్నీ గాలిస్తుంది. "సామాన్లతో సహా" అనో, "యజమాని ఊళ్ళో ఉండరు" అనో కనబడితే చాలు, "చూడ్డానికి ఎప్పుడు రమ్మంటారు?" అని మోకాయ తరఫున తనే జవాబు పంపేస్తుంది. దానికి బావమరిది అని పేరు పెట్టుకున్నాడు. జీతం అడగడు, తిండి అడగడు, అక్కకి చాడీలు చెప్పడు. అలాంటి బావమరిది ఎవరికి దొరుకుతాడు?

ఆ పైన మోకాయ పని. టై కట్టుకుని వెళ్తాడు. టీవీ ఎంత పెద్దది, తాళం ఎంత గట్టిది, వాచ్‌మన్ ఎంత మొద్దు, అన్నీ చూసుకుంటాడు. యజమానులే దగ్గరుండి చూపిస్తారు. వారం తిరక్కుండా, పట్టపగలు, సామాన్లు మార్చే కంపెనీ పేరు రాయించిన వ్యానులో ఇల్లంతా ఊడ్చుకుపోతాడు.

గోడలు దూకి కుక్కలచేత పిక్కలు కరిపించుకునే దొంగలంటే అతనికి చిన్నచూపు. తలుపులు బార్లా తీసి చూపించే యజమానులంటే ఇంకా చిన్నచూపు. "గొర్రెలు. ఉన్ని కత్తిరించేవాడికి కత్తెర కూడా వాళ్ళే అందిస్తారు" అని నవ్వుకునేవాడు.

ఆ మంగళవారం బావమరిది కిలెలేష్వాలో ఒక ఫ్లాటు పట్టుకొచ్చాడు. తలుపు తీసింది తబిత న్యావిర. అరవై దాటిన మనిషి, మెళ్ళో శిలువ, ముఖం నిండా నవ్వు.

"అదేం వేగం నాయనా! ప్రకటన పెట్టి కళ్ళజోడు తీసేలోపే నీ మెసేజీ వచ్చింది."

"అవసరం అలాంటిదమ్మా. మందుల కంపెనీ ఉద్యోగం. బదిలీ అయి వచ్చాను."

"అయ్యో, ఎండన పడి వచ్చావు. ముందు టీ తాగు."

పాలు దండిగా పోసిన టీ, నూనెలో వేయించిన వేడివేడి మందాజీ బూరెలు తెచ్చింది. అవి నములుతూనే మోకాయ హాలంతా కళ్ళతో కొలిచేశాడు. తోలు సోఫాలు, గోడంత టీవీ, రెండు తలుపుల ఫ్రిజ్. పిల్లికి పాలకుండ కాపలా ఇచ్చినట్టుంది అనుకున్నాడు.

ఆవిడ గదులన్నీ తిప్పి చూపించింది. ఒక్క గది దగ్గర మాత్రం ఆగింది.

"ఇది తాళం వేసే ఉంచుతాను. మా ఆయన పోయి ఆరేళ్ళయింది. కోట్లూ పుస్తకాలూ ఇందులో పడేశాను. చూస్తే ఏడుపొస్తుంది."

"నిజమేనమ్మా, ఆ బాధ చెప్పలేనిది" అన్నాడు మోకాయ, ముఖం వేలాడేసి. చచ్చినవాడి కోట్లు ఎవడిక్కావాలి అనుకున్నాడు లోపల.

గురువారం ఆవిడే ఫోన్ చేసింది.

"నాయనా, నీ తర్వాత చాలామంది వచ్చి చూశారు. అందరిదీ ఒకటే గోల. నీళ్ళు రోజూ వస్తాయా, ట్యాంకరు తెప్పించుకోవాలా, అద్దె తగ్గిస్తారా అని. నువ్వొక్కడివే నీళ్ళ మాటెత్తలేదు. అద్దె కూడా అడగలేదు."

మోకాయ గతుక్కుమన్నాడు. అయినా మాటలకి కరువా? "మీ మంచితనం చూశాక అవన్నీ అడగబుద్ధి కాలేదమ్మా."

"అందుకే, నాకు కావలసింది నీలాంటివాడే. ఇల్లు నీకే ఖాయం. రేపు తెల్లారకుండా నకురు వెళ్తున్నాను, అమ్మాయి దగ్గరికి. ఆదివారం వచ్చాక మిగతావి మాట్లాడుకుందాం. తాళంచెవి పూలకుండీ కింద పెట్టి పోతాను. మతిమరుపు దాన్ని, వెంట తీసుకెళ్తే ఎక్కడో పారేస్తాను. ఎవరితోనూ అనకేం?"

ఫోను పెట్టేశాక మోకాయ కడుపు పట్టుకుని నవ్వాడు. ఈ గొర్రె తన ఉన్ని తనే కత్తిరించుకుని మూటగట్టి ఇస్తోంది!

శుక్రవారం వ్యాను చూడగానే వాచ్‌మన్ గేటు తీశాడు. టై చూసి సలాం కూడా కొట్టాడు. మధ్యాహ్నానికల్లా హాలు బోసిపోయింది. మోకాయ బాత్‌రూమ్ అద్దం కూడా వదల్లేదు. ఫ్రిజ్ దింపే ముందు అందులోని చపాతీలు తిని, చేతులు కర్టెనుకి తుడుచుకున్నాడు. పోతూ పోతూ తాళం వేసిన గది తలుపు మీద బూటుకాలితో ఒక్కటి తన్ని, "తాతా, ఇక ఇంటికి నువ్వే కాపలా" అన్నాడు. మోతగాళ్ళు విరగబడి నవ్వారు.

సోమవారం ఇంటికి పోలీసులొచ్చారు. మోకాయకి పెద్దగా చెమట పట్టలేదు. సామాన్లన్నీ అప్పటికే చేతులు మారాయి. కానీ స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ చెరోప్ అతని ముందు ఒక ఫోన్ నంబరు పెట్టింది. బావమరిది జవాబు పంపిన నంబరు. పక్కన, తలుపు మీది బూటు ముద్ర ఫోటో.

ఇక బుకాయించి లాభం లేదనిపించింది. మొదటిసారి దొరికాడు, ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుంది. ఆవిడ కాళ్ళ మీద పడి నాలుగు కన్నీళ్ళు కారిస్తే, ఆ వెర్రిబాగులది కేసే వెనక్కి తీసుకున్నా తీసుకుంటుంది.

"సరే మేడమ్, దాచేదేముంది? శుక్రవారం తాళం తీసి లోపలికెళ్ళింది నేనే. ఐడియా నాది, పని నాది. కూలివాళ్ళకేం తెలీదు" అన్నాడు, కాస్త గర్వంగానే.

చెరోప్ ప్రతి మాటా రాసుకుంది. చదివి వినిపించి, సంతకం పెట్టించుకుంది. తాపీగా కుర్చీలో వెనక్కి వాలింది.

"సోఫాలూ టీవీలూ తర్వాత చూద్దాంలే. పాపం, ఆవిడ నకురు నుంచి వచ్చేసరికి ఆ గదిలో శవమై పడున్న మొగుణ్ణి దేంతో కొట్టి చంపావో, ముందు అది చెప్పు."