పచ్చ దీపం

"మీ ఇంట్లో పెట్టె ఆరిపోయింది కదండీ?"

తలుపు తీయగానే ముసలాయన అడిగిన మొదటి మాట అది.

చిట్టి వాళ్ళ నాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

పెట్టె ఆరిపోయిన మాట నిజమే. నిన్న కరెంటు ఒక్కసారిగా ఎక్కువై, చెప్పుల అలమర పక్కనుండే ఆ నల్లటి కంప్యూటరు పెట్టె కాస్తా మాడిపోయింది. కానీ ఆ సంగతి ఇంట్లో ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెలియదు.

"మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు బాబూ. మా ఇంట్లో తెలిసింది."

"మా ఇంటి సంగతి మీ ఇంట్లో ఎలా తెలుస్తుంది?"

"దీపం ఆరిపోయింది కదా! పచ్చ దీపం. అది చూసే పరుగెత్తుకొచ్చాను. అందులో మావాడి..."

మిగతాది చిట్టి వాళ్ళ నాన్న వినలేదు. అసలే అనుమానం ముందు పుట్టి, ఆయన తరవాత పుట్టాడని దుకాణంలో పనివాళ్ళు నవ్వుకుంటారు. ఫొటోలు, వీడియోలు, ఉత్తరాలు ఏ కంపెనీవాడి చేతిలోనూ పెట్టనని పట్టుబట్టి, సొంతంగా పెట్టె కొనుక్కుని అన్నీ అందులోనే దాచుకున్న మనిషి. కళ్ళజోళ్ళు అమ్ముకునేవాడికి ఈ తంటా అంతా ఎందుకయ్యా అంటే వినడు. "మన బంగారం మన ఇంట్లోనే ఉండాలి" అంటాడు. అలాంటివాడి గుమ్మంలోకి ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి, మీ పెట్టె ఆరిపోయింది కదా అంటే ఏమనుకుంటాడు?

పెట్టెను చెడగొట్టిన దొంగ వీడేననుకున్నాడు.

"ఎన్నాళ్ళనుంచి మా పెట్టెలోకి తొంగిచూస్తున్నావు?"

"అయ్యో, నాకా విద్యలేం రావు బాబూ! ఇదిగో, ఈ సంచిలో మీదే..."

"సంచీ లేదు గించీ లేదు. దిగు ముందు!"

వాచ్‌మన్‌కి ఫోన్ చేసి, పెట్టె లోపలంతా మసైపోయింది, చేసినవాడు ఇక్కడే ఉన్నాడు రమ్మన్నాడు. వాచ్‌మన్ వచ్చి ముసలాయన రెక్క పట్టుకుని దించుకెళ్ళాడు. మెట్ల మలుపులో ఆయన చెప్పు ఒకటి జారిపోయింది. వెనక్కి వచ్చి వేసుకోనివ్వలేదు.

గొళ్ళెం పెట్టి వెనక్కి తిరిగితే చిట్టి నిలబడి ఉంది.

"నాన్నా, అమ్మ మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

అమ్మ అంటే పెట్టెలోని అమ్మ. అసలు అమ్మ, చిట్టికి మాటలు రాకముందే పోయింది. ఆమె నవ్వూ, జోలపాటా, పిలుపూ అన్నీ ఆ పెట్టెలోనే ఉండేవి. ఆ గొంతు వింటేగాని పిల్ల పడుకోదు. నిన్న ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది.

"బాబాయిని అడుగు నాన్నా! బాబాయి దగ్గర కూడా అమ్మ ఉందన్నావుగా?"

సొంత బాబాయి కాదు. ఇళ్ళల్లో ఇలా పెట్టెలు పెట్టుకునేవాళ్ళకు ఒక అలవాటుంది. రేపు నిప్పో నీళ్ళో వచ్చినా మిగలాలని, నా వాటి నకలు నీ పెట్టెలో, నీ వాటి నకలు నా పెట్టెలో దాచుకుంటారు. తాళం మాట, అదే పాస్‌వర్డ్, ఎవరిది వారిదే, ఒకరివి ఒకరు చూడలేరు. అవతలి పెట్టె పనిచేస్తున్నంతకాలం ఇవతలి పెట్టె మీద పచ్చ దీపం వెలుగుతుంది. చిట్టి వాళ్ళ నాన్నకు అలా కుదిరినవాడే ఈ తమ్ముడు. ఎక్కడో వేరే ఊరి కుర్రాడు. మొహం చూసింది లేదు. మొదటి నకలు మాత్రం డిస్కుల్లో పెట్టి పార్సెల్లో పంపుకున్నారు. "వదిన నా దగ్గర భద్రం అన్నా" అని రాశాడప్పుడు.

ఆ తరవాత కొన్నాళ్ళకు ఎందుకో ఉలుకూ పలుకూ లేకుండా పోయాడు. నకలు మాత్రం రోజూ నెట్‌లో వెళ్తూనే ఉంది. పని జరుగుతోంది కదా, మాటలతో ఏం పనిలే అని చిట్టి వాళ్ళ నాన్న కూడా ఊరుకున్నాడు.

ఇప్పుడు అడుగుదామంటే ఆ తమ్ముడి అడ్రసు, ఉత్తరాలు అన్నీ కాలిన పెట్టెలోనే ఉన్నాయి. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టయింది.

కాసేపటికి వాచ్‌మన్ మళ్ళీ వచ్చాడు. చేతిలో గుడ్డ సంచి.

"ఇది మీకిచ్చేయమన్నారు సార్."

సంచిలో తువ్వాలు. దాని మడతల్లో, పసిపిల్లను చుట్టినట్టు చుట్టిన డిస్కు. దానిమీద తన చేతిరాతే. "తమ్ముడికి" అని, కింద ఈ ఇంటి అడ్రసు.

దాన్ని ల్యాప్‌టాప్‌కి తగిలించి, తాళం మాట కొట్టాడు.

"చిట్టీ, ఇటు చూడవే!"

ఇల్లంతా ఆ గొంతే. చిట్టి కెవ్వున అరిచి తెరను కావలించుకుంది. నాన్న సిగ్గు విడిచి ఏడ్చాడు.

"తమ్ముడొచ్చాడా? ఏడీ? పైకి రమ్మను!"

"తమ్ముడెవరు సార్? మీరు దించేయమన్నారే, ఆ పెద్దాయనే ఇచ్చాడు."

చిట్టి వాళ్ళ నాన్న గుమ్మం వైపు పరుగెత్తాడు.

"ఆయన... ఆయన ఉన్నాడా?"

"బస్సెక్కి వెళ్ళిపోయాడు సార్. పెట్టె నిజంగానే కాలిపోయిందా అని గేటు దగ్గర అడిగాడు. లోపలంతా మసైపోయిందట అని మీరన్న మాటే చెప్పాను. అక్కడే కూలబడిపోయాడు."

"ఎందుకు? మావన్నీ ఆయన దగ్గర భద్రంగానే ఉన్నాయిగా?"

"మీవి ఉన్నాయి సార్. వాళ్ళబ్బాయివే..."

వాచ్‌మన్ వెనక్కి తిరిగి చూశాడు. తెరిచిన తలుపులోంచి మెట్ల మలుపు కనిపిస్తోంది. ఆ చెప్పు అక్కడే ఉంది.

"చెప్పు, వాళ్ళబ్బాయికేమైంది?"

"పోయి చాలా కాలమైందట సార్. తరవాత వాళ్ళింట్లో ఆ అబ్బాయి తనవి దాచుకున్న డిస్కూ పాడైపోయిందట. నా కొడుకు గొంతు ఇంకా మీ ఇంట్లో ఉంది కదా అని, ఆ పచ్చ దీపం చూసుకుంటూనే ఇన్నాళ్ళూ బతికాడట."